కాలనీ గోడమీద నల్లబల్ల

హైదరాబాదు చూడవచ్చినవారు చార్మినారు చూస్తారు. గోలకొండ ఎక్కుతూ వాకిలి దగ్గిర చప్పట్లు కొడతారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా బల్లలమీద కాచుకుని కూర్చుంటారు. ఊళ్ళో బంధువులుంటే రాత్రి పడకకు ఏ కాలనీకో చేరుకుంటారు. ఆ కాలనీని మటుకు ఎవరూ చూడరు. వరసగా ఇళ్ళు, ఇళ్ళముందు ముగ్గులు, ముగ్గులమీద స్కూటర్లు, అంతేగదా, అందులో చూడడానికేముందని వారి అభిప్రాయం కాబోలు.

నేను వానాకాలంలో నాలుగు రోజులు సరూర్‌నగర్ చెరువుకు దిగువనున్న ఒక కాలనీలో మా అక్కగారింట ఉన్నాను. ఎడతెరిపిలేని ముసురు. చార్మినారుదాకా పోవడం పడలేదు. కనక కాలనీనే చూశాను. దాని పేరు చెప్పను. అక్కడి పెద్దలు ఒకరిద్దరు, "మా రోడ్ల సంగతి పత్రికకెక్కితే స్థలాల ధరలు పడిపోతాయండీ" అని ముందే మాట తీసుకున్నారు.

సరూర్‌నగర్ అనగానే మొదట చెప్పుకోవలసింది చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో వెలసిన చెరువంటారు. ఎగువను మీర్‌పేట వైపు చెరువులు నిండితే మిగులు నీరు దీనిలోకి వచ్చేది. ఇది నిండితే అలుగు పొర్లి మూసీలో కలిసేది. ఒకటి పారితే ఇంకొకటి నిండేట్టు మన పెద్దలు చెరువులను గొలుసుకట్టుగా కట్టారు. ఆ గొలుసు మధ్య పొలాలుండేవి. పొలాలు పోయి ప్లాట్లయినాయి. ప్లాట్లు పోయి ఇళ్ళయినాయి. ఇప్పుడు ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఊరి బయట అనుకున్న ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు మరి పదింటితో కలిసి 2007 ఏప్రిల్‌లో మహానగరంలో చేరాయి. 2018లో మెట్రో రైలు ఎల్.బి. నగర్‌దాకా వచ్చింది. ఇన్ని మార్పులు వచ్చినా నీటికి మటుకు వాటి సమాచారం అందలేదు. అది పాత దారినే వస్తుంది, దారిలో మన గడప ఉంటే గడప ఎక్కుతుంది.

కాలనీ నడుమ ఆంజనేయస్వామి గుడి, గుడి పక్కన సంక్షేమ సంఘంవారి గది ఉన్నాయి. ఆ గది గోడకు, బళ్ళో ఉండేటంత నల్లబల్ల ఒకటి బిగించారు. వాన పడకుండా పైన రేకు. దీనిమీద రోజూ పొద్దున పాలవేళకు కాలనీ వార్తలు రాసేవారు ఒక రిటైరైన లెక్కల మాస్టారు. నల్లగొండ జిల్లాలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి వచ్చారట. చేతికి సుద్దముక్క లేకపోతే తోచదని ఆయనే నవ్వుతూ చెప్పారు.

నేను వెళ్ళిన మొదటి రోజు బల్లమీది వార్తలివి:

"నాలుగో వీధి రెండో స్తంభం దీపం మూడు రాత్రులుగా వెలగటం లేదు. చెప్పి వచ్చాము. వెలిగే వరకు మూల ఇంటివారు వరండా దీపం ఆర్పకుందురుగాక."

"రేపు నీళ్ళు వదులుతారు. సంపు కడుక్కునేవారు ఈ రోజే కడుక్కోండి. మూత వేసినదీ లేనిదీ రెండోసారి చూడండి. మీ ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే పక్కింట్లో ఉన్నారు."

"మూడో వీధి బాదంచెట్టు కొమ్మ కరెంటు తీగమీద వాలింది. కొట్టేవారు వచ్చేదాకా ఆ చెట్టుకింద బండ్లు నిలపవద్దు. బట్టలు ఆరవేసే తీగ ఆ స్తంభానికి కట్టవద్దు."

ఫోనుల్లో క్షణానికొక కబురు వచ్చే కాలంలో ఈ సుద్దముక్క వార్తలెందుకని మా అక్కను అడిగాను.

"ఫోను నాకుందిరా తమ్ముడూ. మన ఇంట్లో అంట్లు తోమే లక్ష్మి ఫోనులో ఈ వార్తలు రావు. వాచ్‌మన్‌కు రావు. మొన్ననే అద్దెకు దిగినవాళ్ళకు రావు. గుడి ముందు నుంచి పోనివాళ్ళెవరు చెప్పు? చదువురానివాళ్ళకు వాచ్‌మన్ కొడుకు పైకి చదివి వినిపిస్తాడు. వాడికి చదవడం అలవాటవుతుందని మాస్టారి ఎత్తు" అంది అక్క.

ఈ బల్లకు ఒక నియమం ఉంది. ఎక్కడ, ఎప్పుడు, చూసినదెవరు - ఈ మూడూ లేని వార్త దానిమీద ఎక్కదు. "దొంగలు తిరుగుతున్నారు జాగ్రత్త" అని రాయమని ఎవరు వచ్చి అడిగినా మాస్టారు రాయరు. ఎవరు చూశారు, ఏ వీధిలో, ఎన్ని గంటలకు అని లెక్క అడిగినట్టు అడుగుతారు. ఇది ఛాందసమని మొదట నాకనిపించిన మాట నిజమే గాని, కారణం విన్నాక మాట్లాడలేకపోయాను. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని తెలంగాణ అంతటా వదంతి పాకింది. ముఠాలూ లేవు, ఏమీ లేవు. కాని ఆ వదంతి నమ్మిన గుంపు హైదరాబాదులోనే చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. ఆ రోజుల్లో ఈ కాలనీలో కూడా దుప్పట్లమ్మే మనిషిని నలుగురు పట్టి నిలబెట్టారట. మాస్టారు అడ్డంపడి ఇంట్లోకి తీసుకుపోయి, మంచినీళ్ళిచ్చి, ఒక దుప్పటి కొని పంపించారు. ఆ దుప్పటి ఇప్పటికీ సంఘం గదిలో కుర్చీమీద పరిచి ఉంది. బల్ల పెట్టింది ఆ తరవాతనే.

అయితే బల్లమీద అన్నిటికంటె ఎక్కువసార్లు కనిపించే మాట దొంగ కాదు, కాలువ.

కాలనీ పల్లంగా ఉంది. మొదటి వీధి మిట్టన, ఆరో వీధి అన్నిటికీ దిగువన. మొదటి వీధిలో ఉద్యోగాలు చేసి కట్టుకున్న మేడలు. ఆరో వీధిలో చిన్న ఇళ్ళు, అద్దె వాటాలు, ఇద్దరు దర్జీలు, ఒక ఇస్త్రీ బండి, ఆటో తోలేవారు. మిట్టన పడ్డ చినుకు ప్రతిదీ ఆరో వీధిని చూసిపోవలసిందే.

హైదరాబాదుకు వాన కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలను తీసుకుపోయింది. మళ్ళీ అటువంటి కీడు రాకుండా విశ్వేశ్వరయ్యగారి సలహామీద ఎగువను గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టుకున్నాము. 2000 ఆగస్టు 24న ఒక్కరోజున 241 మిల్లీమీటర్లు కురిసింది. అప్పటికి ఈ కాలనీలో సగం ఖాళీ స్థలాలే కనక నీరు వాటిలో నిలిచి, మెల్లిగా ఇంకిపోయింది. 2020 అక్టోబరు 13 రాత్రికి ఖాళీ స్థలాలు లేవు. మర్నాడు పొద్దుటికి బేగంపేటలో సుమారు 192 మిల్లీమీటర్ల వాన లెక్కకెక్కింది. అక్టోబరు నెలలో ఒక్కరోజున అంత వాన అక్కడ అంతకుముందెన్నడూ లేదు. చెరువు నిండి పొర్లింది. ఆరో వీధిలో కిటికీలదాకా నీళ్ళు. మంచాలు తేలాయి. సంపుల్లో మురుగు కలిసింది. దర్జీ తన కుట్టుమిషన్లు రెండూ తలమీద పెట్టుకుని మేడమీదికి చేర్చాడు గాని, దసరాకు కుట్టవలసిన జాకెట్టు గుడ్డలన్నీ పాడయ్యాయి. ఊళ్ళో వారెవరో వచ్చి అన్నం పొట్లాలు పంచారు. మొదటి వీధివారిలో కొందరు తలుపులు తెరిచారు. కొందరు కిటికీలు మటుకు తెరిచారు.

నీళ్ళు తీసిన తరవాత మాస్టారు ఒక టేపు, ఒక నోటుపుస్తకం పట్టుకుని మిట్టనుంచి పల్లానికి నడిచారు. వాన కాలువ ఉన్నమాట నిజమే. కాని ప్రతి ఇంటివారూ కారు ఎక్కడానికి వీలుగా గేటుముందు సిమెంటు ర్యాంపు పోసుకున్నారు. ర్యాంపు కింద కాలువ ఒకచోట మూసుకుపోయింది, ఒకచోట జానెడయింది, ఒకచోట అందులోంచే ఇంకెవరో పైపు వేసుకున్నారు. పైన సిమెంటు, లోపల పూడిక. తీసేవారి చేతికి అందదు. ఏటేటా మట్టి తీశామంటే తీశామనుకోవడమే. పైన ప్రతి ఇల్లూ కులాసాగా ఉంది. మూసిన చోట పారని నీరంతా రోడ్డెక్కి పోయి ఆరో వీధిలో పడుతుంది.

"వాన దేవునిది సార్. నీళ్ళ తొవ్వ మనది. తొవ్వల సిమెంటు వోసి దేవుని తిడితే ఎట్ల?" అన్నారు మాస్టారు నాతో.

ఆ మాట సభ పెట్టి చెప్పేసరికి పెద్ద గొడవయింది. తన కారు అడుగు కొట్టుకుంటుందని ఒకాయన. మునిసిపాలిటీ చెయ్యవలసిన పని మనమెందుకు చెయ్యాలని మరొకాయన. పల్లంలో స్థలం ఎవరు కొనమన్నారని ఇంకొకాయన అన్నారు. ఆ మాటకు ఆరో వీధివారు లేచిపోయారు. మాస్టారు వాదన పెట్టుకోలేదు. మర్నాడు ఇద్దరు కూలీలను పిలిచి, ముందు తన గేటుముందున్న ర్యాంపు పగలగొట్టించారు. పూడిక తీస్తే అందులోంచి బండెడు ప్లాస్టిక్ సంచులు, రెండు కొబ్బరి బోండాలు, ఒక చిన్నపిల్లల చెప్పు వచ్చాయి. ఆ సామానంతా ఎండలో వరసగా పేర్చి, బల్లమీద "మా ఇంటి కాలువలో దొరికినవి. ఎవరివైనా ఉంటే తీసుకుపోవచ్చు" అని రాశారు. కాలువమీద సిమెంటుకు బదులు ఎత్తి దించుకునే ఇనుప జాలీ వేయించుకున్నారు. కారూ ఎక్కుతుంది, కాలువా కనిపిస్తుంది.

అలా ఒక్కొక్క ఇల్లే చేసుకుంటూ వచ్చి, సగానికి పైగా ర్యాంపులు పోయాయి. తక్కినవి ఇంకా ఉన్నాయి. వాటిలో సంఘం అధ్యక్షులవారిది ఒకటి. వర్షం పడుతుండగా గొడుగేసుకుని నేను చూసి వచ్చాను. జాలీ ఉన్న ఇళ్ళముందు నీరు గలగలమని పోతుంది. అధ్యక్షులవారి ఇంటిముందు ఆగి, ఆలోచించి, రోడ్డెక్కుతుంది.

మురుగు గుంతల మూతల సంగతి దీనికంటె భయం పుట్టించేది. వీధిలో నీరు నిలిస్తే మనవాళ్ళు మంచి బుద్ధితోనే గడ్డపార తెచ్చి మ్యాన్‌హోల్ మూత లేపుతారు, నీరు లాగేస్తుందని. లాగుతుంది, నిజమే. కాని గోధుమరంగు నీటికింద నోరు తెరుచుకున్న గుంత ఎవరికి కనబడుతుంది? ఇలా మూత లేపడం చట్టప్రకారం నేరం కూడాను. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిలుమీద వెళ్ళిన పన్నెండేళ్ళ ఆడపిల్ల నాలాలో పడి పోయింది. కొద్ది రోజులకే ఇదే సరూర్‌నగర్‌లో స్కూటరుతో వరదనీటిలో చిక్కుకున్న ఒకాయనను మర్నాడు చెరువులోంచి తీశారు. ఏడాది తిరగకముందే, 2021 ఆగస్టులో, వనస్థలిపురం పక్కనున్న సాహెబ్‌నగర్‌లో మురుగు గుంతలోకి దిగిన కార్మికుడొకడు, అతన్ని రక్షించబోయి దిగినవాడొకడు, ఇద్దరూ లోపలి విషవాయువుకు బలయ్యారు. మనుషులను అలా దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. ఆ మరుసటి నెలలో మణికొండలో వానలో నడిచి వెళుతున్న ఒకాయన తెరిచి ఉన్న కాలువలో పడిపోతే, రెండు రోజులకు శవం నెక్నాంపూర్ చెరువులో దొరికింది. వీరంతా ఇంటికి పోతున్నవారో, పని చేసుకుంటున్నవారో, ఆడుకుంటున్నవారో. సాహసం చెయ్యబోయినవారు కారు.

అందుకని ఈ కాలనీలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. వెదురుకర్రలకు ఎర్రగుడ్డలు కట్టి, గుడి వెనక ఒక పాత డ్రమ్ములో నిలబెట్టి ఉంచారు. ఏ మూత కదిలినా, పగిలినా చూసినవారు ముందు కర్ర తెచ్చి పాతాలి. ఆ తరవాతనే ఆఫీసుకు ఫోను. "ఫోన్ చేస్తే వాళ్ళు ఎప్పుడొస్తరో. కర్ర పాతుడు నా చేతుల పని" అన్నాడు వాచ్‌మన్. ఆ డ్రమ్ముకు తాళం లేదు. కర్రలు పోవా అని అడిగితే, మొదట్లో సంక్రాంతి భోగిమంటలకు నాలుగు పోయాయనీ, ఆ పిల్లలచేతనే కొత్తవి కట్టించామనీ చెప్పాడు.

దోమల సంగతికి వస్తే, ఈ ఊరికి దోమతో చరిత్రలోనే చుట్టరికం ఉంది. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, ఇక్కడ సికిందరాబాదులోనే. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. నూరేళ్ళు దాటినా దోమ మటుకు మనకు భయపడడం నేర్చుకోలేదు. డెంగీ దోమ మురుగులో పుట్టదు. మంచినీటిలో, పూలకుండీ కింద పళ్ళెంలో, కూలరులో, మేడమీద పడేసిన టైరులో పుడుతుంది. పగలు కుడుతుంది. గుడ్డునుంచి దోమ కావడానికి వారం పదిరోజులు చాలు కనక, వారానికొకసారి నీళ్ళు పారబోస్తే దాని వంశం ఆగుతుంది. గుడ్లు తొట్టి గోడకంటుకుని ఎండినా చావవు కనక, పారబోయడమే కాదు, తొట్టి రుద్ది కడగాలి. 2020లో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఈ పని చెయ్యమని ప్రభుత్వం ప్రచారం చేసింది. ఇక్కడి పిల్లలు ఆ వేళను ఇప్పటికీ వదలలేదు. ఆదివారం పది కొట్టగానే ఈలలు ఊదుకుంటూ మేడలెక్కారు. మా అక్కగారి తులసికోట పళ్ళెంలో నీళ్ళు కనిపెట్టి, ఆవిడకు అర్ధరూపాయి జుర్మానా వేశారు. అర్ధరూపాయి ఎక్కడ తెస్తానంటే చాకొలేటుగా వసూలు చేశారు.

చెరువు పక్కన కనక పాములు వస్తాయి. ఎక్కువగా వచ్చేది జెర్రిపోతు. దానికి విషం లేదు, ఎలుకలను తిని మనకు ఉపకారమే చేస్తుంది. అయినా పామంటే పామే గదా. హైదరాబాదులో 1995నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అనే సంఘం ఉంది. కబురు పెడితే ఆ వాలంటీర్లు వచ్చి పామును పట్టుకుపోతారు. బల్ల మూలన వారి నెంబరు ఎర్రరంగుతో రాసి ఉంది. దానికింద గ్యాసు వాసన వస్తే పిలవవలసిన 1906, అంబులెన్సు 108. గ్యాసు వాసన వచ్చినప్పుడు దీపం వెయ్యకూడదు, వెలుగుతున్న దీపం ఆర్పనూ కూడదు, తలుపులు తెరిచి బయటికి రావాలని పక్కనే బొమ్మ గీశారు. బొమ్మలో అమ్మగారి జడ మరీ పొడుగైందని ఆడవాళ్ళ విమర్శ.

పండుగ వార్తలు వేరు. సంక్రాంతికి సగం కాలనీ సొంత ఊళ్ళకు పోతుంది. ఎవరెవరు ఊరు వెళుతున్నారో బల్లమీద రాయరు. రాస్తే దొంగకు శుభలేఖ పంపినట్టే గదా! వెళ్ళేవారు సంఘం నోటుపుస్తకంలో రాసి, ఠాణాలో చెప్పి వెళతారు. పాలపాకెట్టు, పేపరు మానిపించుకోవాలి. గేటు దగ్గిర నాలుగు పేపర్లు పడి ఉంటే అది కూడా ఊరంతటికీ చెప్పినట్టే. పక్కింటివారు రోజూ వారి వాకిట కూడా రెండు గీతలు ముగ్గు వేస్తారు. ముగ్గువల్ల అందమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నేను బయలుదేరే నాటి పొద్దున మాస్టారికి జలుబు చేసి రాలేదు. బల్లకు సుద్దముక్క ఒకటి దారంతో కట్టి వేలాడదీసి ఉంటుంది. ఆటో వచ్చేలోగా గుడిముందు నిలబడి చూశాను. నిన్నటి వార్తలకింద, వంకరటింకర అక్షరాలతో ఎవరో కొత్తగా రాశారు:

"ఆరో వీధి మూల మీద మూత కదులుతుంది. రాత్రి ఎనిమిదికి నేను చూసిన. కర్ర పెట్టిన. - వాచ్‌మన్ కొడుకు."